విప్పి కుట్టిన చీటీ

కినుయో చేతిలో పడ్డ కర్టెన్‌కి చావు లేదని ఆ ఊళ్లో ఒక మాట ఉండేది. కొండ కింద వేడినీటి ఊటల ఊరది. ఊరి మొత్తానికి పెద్ద హోటల్లో ముప్ఫై ఒక్క గదులు. ప్రతి గదికీ పడమటివైపు ఒక పెద్ద కిటికీ, ప్రతి కిటికీకీ రెండు రెక్కల కర్టెన్. ముదురు ఎరుపు దళసరి నూలుబట్ట, వెనక తెల్లటి అస్తరు. వాటిని తగిలించిన ఏడాదే కినుయో పనిలో చేరింది. అప్పటినుంచి ఇరవై తొమ్మిదేళ్లలో హోటల్ పెద్దాయన పోయాడు. ఆయన కొడుకు వ్యాపారమంతా పెళ్లాం నెత్తిన పెట్టి చేపల గాలం పుచ్చుకుని వాగు గట్టుకి మకాం మార్చాడు. వంటవాళ్లు ఆరుగురు మారారు. కర్టెన్లు మాత్రం అవే.

కర్టెన్‌ని చంపేది ఎండ అని లోకం అనుకుంటుంది. కినుయో లెక్కలో ఎండది రెండో స్థానం, మొదటిది దుమ్ము. మడతల్లో చేరిన దుమ్ము కదిలినప్పుడల్లా నూలుపోగుని కొంచెం కొంచెంగా కోస్తుందని ఆమె నమ్మకం. అందుకని ప్రతి సోమవారం నిచ్చెనెక్కి మెత్తటి గుర్రపువెంట్రుకల బ్రష్షుతో పైనుంచి కిందికి దులిపేది. ఒక్కసారి కూడా కిందినుంచి పైకి పోనిచ్చేది కాదు. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి కుడిరెక్క ఎడమకీ, ఎడమరెక్క కుడికీ మార్చేది. ఎండ తగిలేవైపు ఒకే రెక్క ఎప్పుడూ ఉంటే అది వెలిసి, రెండోది కొత్తగా ఉండి, చూడ్డానికి మొగుడు ముసలాడూ పెళ్లాం పడుచుదీ అయిన కాపురంలా ఉంటుందనేది. పగలు కర్టెన్‌ని పక్కకి కట్టే పట్టీని కూడా వారానికి రెండు వేళ్లు పైకో కిందికో జరిపేది. ఒకేచోట కడితే బట్ట అక్కడే నలిగి చీలుతుంది.

గదులు సర్దే ఆడవాళ్లు ఆమెకి జడిసేవాళ్లు. కర్టెన్ అంచు పట్టుకుని ఎవరైనా లాగారో, వెనకనుంచి వినపడేది. "ఏమ్మా, అది కర్టెనా, మీ ఆయన చొక్కానా, అలా పట్టుకు గుంజుతున్నావ్? పైన తాడుంది, దాన్ని లాగు."

ఏప్రిల్‌లో ఉతుకు. కొక్కీలన్నీ ఊడదీసి గుడ్డలో మూటకట్టాలి. ఊటనీళ్లు పనికిరావు, అందులో గంధకం రంగు తినేస్తుంది. బావినీళ్లు గోరువెచ్చగా కాచి, చారెడు సబ్బుపొడి కలిపి, పెద్ద చెక్కతొట్టిలో కాళ్లతో మెల్లిగా తొక్కాలి. పిండకూడదు. ఇస్త్రీ అసలే వద్దు. నీళ్లోడ్చిన తర్వాత ఇంకా తడిగా ఉండగానే తీసుకెళ్లి దాని కడ్డీకి దాన్నే తగిలిస్తే, సొంత బరువుకి అదే సాగి ముడతలు పోతాయి.

ఉతికేముందు ఇంకో పని ఉండేది. ప్రతి రెక్కకీ కింది మూల ఒక తెల్లచీటీ కుట్టి ఉంటుంది. దాని మీద ఎర్ర అక్షరాలతో, ఇది నిప్పంటుకోని బట్ట అని రాసి ఉంటుంది. హోటళ్లలో ఆ చీటీ ఉన్న కర్టెన్లే వాడాలని అగ్నిమాపక శాఖ వాళ్ల నిబంధన. నీళ్లలో నానితే చీటీ వెలిసిపోతుందని కినుయో దాన్ని ముందే కుట్టు విప్పి తీసి, ఉతుకయ్యాక మళ్లీ కుట్టేది. పాత సూదిరంధ్రాల్లోంచే సూది పోనిచ్చేది. విప్పినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఏటా వచ్చే అగ్నిమాపక అధికారి వంగి చీటీ చూసి, రాసుకుని, టీ తాగి వెళ్లిపోయేవాడు.

ఇంతవరకూ వింటే కినుయో గొప్ప పనిమంతురాలనిపిస్తుంది. పనిమంతురాలే. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఎనిమిదేళ్ల కిందట అగ్నిమాపక శాఖ వాళ్లు ఊరి సమావేశ మందిరంలో హోటళ్ల పనివాళ్లకి ఒక శిక్షణ పెట్టారు. ఒక కుర్ర అధికారి రెండు గుడ్డముక్కలు పట్టుకొచ్చాడు. రెండూ ఒకే తానులోవి. మొదటిదానికి లైటర్ వెలిగించి పెడితే నల్లగా మాడి, దానంతటదే ఆరిపోయింది. రెండోది భగ్గున అంటుకుని పైదాకా పాకింది. "రెండోది నీళ్లలో ఉతికిందండీ," అన్నాడు. "ఈ రకం బట్టకి పట్టించే మందు నీళ్లలో కరిగిపోతుంది. ఉతికితే మళ్లీ మందు పట్టించి కొత్తచీటీ కుట్టించుకోవాలి. పాతచీటీ మీ దగ్గర ఉన్నా దానికి విలువ లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. కినుయో కూడా కొట్టింది. అప్పటికి ఆమె ఆ కర్టెన్లని ఇరవై ఒక్కసార్లు ఉతికింది.

ఆ సాయంత్రమే హోటల్ యజమానురాలు, పెద్దాయన కోడలు చిగుసా గారికి చెప్పేద్దామని వెళ్లింది. ఆవిడ అప్పుడే పట్నం నుంచి వచ్చిన అతిథులకి కర్టెన్లు చూపిస్తోంది. "ఎన్నేళ్లవనుకుంటున్నారు? ఇరవై పైమాటే. మా కినుయో చేతిచలవ," అంది. అతిథులు ఆశ్చర్యపోయారు. కినుయో తలవంచి నవ్వి, వచ్చినదారినే వెనక్కి పోయింది. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అరవై రెండు రెక్కలూ చెత్తబండెక్కుతాయి. కొత్తవి వస్తాయి, వాటిని ఏడాదికోసారి పట్నం కంపెనీ వాళ్లు వ్యానులో తీసుకెళ్లి ఉతికి తెస్తారు. నిచ్చెనకీ బ్రష్షుకీ పని ఉండదు. కినుయోకీ ఉండదు. వచ్చే వసంతానికి చెబుదాం అనుకుంది. ఆ వసంతంలోనూ చీటీ విప్పింది, కుట్టింది. అప్పటిదాకా తెలియక చేసిన పని, ఆ రోజునుంచి తెలిసి చేసిన పని అయింది. ఆ తేడా ఆమెకి సూది పట్టుకున్న ప్రతిసారీ వేళ్లలో తెలిసేది. అయినా కుట్టింది. ఎనిమిది వసంతాలు కుట్టింది.

ఇక ఇసోకో గురించి. గదుల్లో అతిథులకి వడ్డించే మనిషి, కినుయో కంటే తొమ్మిదేళ్లు చిన్నది, మొగుడు పోయినామె. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం తింటారు. ఇసోకో నోటికి తాళం లేదు. "అక్కా, నువ్వు పోతే నిన్ను పెట్టెలో పెట్టరు, కడ్డీకి తగిలిస్తారు," అనేది. "అప్పుడు నన్ను దులిపే పని నీదే, జాగ్రత్తగా చెయ్యి," అనేది కినుయో.

ఎనిమిదోసారి చీటీ కుట్టిన ఏడు ఆగస్టులో, పోయినవాళ్ల ఆత్మలు ఇంటికొచ్చి వెళ్లే పండగరోజుల్లో, ఒక ముసలావిడ ఒంటరిగా వచ్చి దిగింది. ముప్ఫై ఏళ్లుగా భర్తతో ఏటా ఆ గదికే వచ్చేది. భర్త చలికాలంలో పోయాడు. సాయంత్రం భోజనం తెచ్చిన ఇసోకోని ఆవిడ ఒక కొవ్వొత్తి అడిగింది.

"గదుల్లో నిప్పు పెట్టకూడదండీ," అంది ఇసోకో.

"తెలుసమ్మా. ఆయన దీపం చూసుకుని ఇంటికి పోతాడు. అక్కడ ఎవరున్నారు? నేనిక్కడున్నానని ఆయనకెలా తెలుస్తుంది?"

ఇసోకో కూడా మొగుడు పోయినదే కదా. వంటింట్లోంచి కొవ్వొత్తి తెచ్చి, చిన్న పళ్లెంలో నిలబెట్టి, కొండవైపు కిటికీ గట్టుమీద పెట్టింది. కర్టెన్ పట్టీ బిగించింది. కంచాలు తీయడానికి పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి కొండగాలి లేచి ఒక మడత పట్టీలోంచి జారింది. ఇసోకో తలుపు తీసిన క్షణానికి అది అంటుకుంది. అంటుకోవడం, పైకప్పుదాకా పాకడం ఒకటే అయింది. ఆమె ముసలావిడని నడవలోకి తోసేసి, మండుతున్న రెక్కని రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగి, పరుపులు పైనవేసి తొక్కింది. ముసలావిడకి గీత కూడా పడలేదు. ఇసోకో అరచేతులు రెండూ కాలాయి.

కేకలు విని కినుయో పరిగెత్తుకొచ్చింది. ఇసోకో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చేతులు పైకెత్తి పట్టుకుని. ఆ చేతులకేసి చూసేముందు కినుయో కళ్లు నేలమీద చీటీ కోసం వెతికాయి. ఈ సంగతి ఆమె ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పుకోలేకపోయింది. చీటీ కాలలేదు. కింది మూల పిడికెడు బట్టతో సహా మిగిలి ఉంది, ఎర్ర అక్షరాలతో, ఆమె కుట్టుతో.

అది చూసి, అప్పుడు ఇసోకో పక్కన కూలబడింది.

"అక్కా, నీ కర్టెన్ కాల్చేశాను," అంది ఇసోకో. పళ్లు టకటకమంటున్నాయి.

అప్పుడు చెప్పాల్సింది. ఎవరైనా అప్పుడే చెబుతారు. కినుయో "చేతులు కదపకు" అంది, అంతే.

ఎవరివల్ల నిప్పు పుట్టిందో వాళ్లు చుట్టుపక్కల ఇంటింటికీ వెళ్లి తలవంచి తప్పు ఒప్పుకోవడం ఆ ఊరి ఆచారం. అంగుళం కాలినా సరే, వెళ్లాల్సిందే. ఐదోరోజున ఇసోకో పద్ధెనిమిది డబ్బాల బియ్యపు బిస్కెట్లు కొనిపించింది. రెండు చేతులకీ మణికట్లదాకా కట్లు. డబ్బాలు ఎలా మోస్తుంది?

"నేనొస్తా," అంది కినుయో.

ఎందుకన్నదో ఆమెకే తెలీదు. బహుశా పక్కన నడిస్తే పాపంలో సగం పంచుకున్నట్టవుతుందనుకుంది. అలా ఎక్కడా పంచుకోవడం కుదరదు. రెండు పెద్ద సంచులు మోసుకుంటూ వెనక నడిచింది. ఇసోకో ప్రతి గుమ్మం ముందూ నడుము విరిగేలా వంగి, "నా అజాగ్రత్త వల్ల మీకు భయం కలిగింది. తప్పు పూర్తిగా నాది," అనేది. కినుయో వెనకనుంచి డబ్బా అందించి తనూ వంగేది. పనసకాయంత బరువు గుండెల మీద పెట్టుకుని వంగేది.

చాలామంది మంచిగానే మాట్లాడారు. "నీ చేతులు బాగవనీ ముందు," అన్నారు. సోయాగింజల టోఫు అమ్మే కొట్టు ముసలమ్మ మాత్రం డబ్బా అందుకోలేదు.

"మావన్నీ చెక్క ఇళ్లు. గాలి ఇటు తిరిగుంటే? యాభై ఏళ్లొచ్చాయి, వయసే తప్ప బుద్ధి రాలేదా నీకు?"

"తప్పు నాదేనండి."

"నీదే అని తెలుస్తూనే ఉంది. ఇదిగో ఈమెని చూసి నేర్చుకో." ముసలమ్మ కినుయో వైపు తిరిగింది. "ఇరవై తొమ్మిదేళ్లు కంటికి రెప్పలా కాచింది ఆ బట్టల్ని. నువ్వొక్క సాయంత్రంలో మసి చేశావు. అయినా చూడు, నీ వెంటే వచ్చింది, నీ సంచులు మోస్తోంది. దేవతమ్మా నువ్వు, కినుయో."

కినుయో నోరు తెరిచింది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అలా నిలబడి, డబ్బా గుమ్మంలో పెట్టి వంగింది. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

పదిహేడు ఇళ్లు పూర్తయ్యాయి. వంతెన దగ్గర ఇసోకో ఆగింది. "ఇంకొక డబ్బా ఉండాలి కదూ?"

"ఉంది. ఎవరికి?"

"నీకు." ఇసోకో ఎదురుగా నిలబడి, రోడ్డు మీదే, కట్లు కట్టిన చేతులు తొడలకి ఆనించి వంగింది. "అక్కా, నీ చేతులతో ఉతికి, నీ చేతులతో కుట్టి బతికించుకున్నదాన్ని కాల్చాను. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు."

"లే. లెమ్మంటుంటే," అంది కినుయో. ఇంటికెళ్లి ఆ డబ్బా అలమరలో వెనక్కి తోసింది. రెండుసార్లు చేతులు కడుక్కుంది.

ఆ తర్వాత రోజూ ఇసోకో ఇంటికి వెళ్లి, అన్నం గంజిలా ఉడికించి, చెంచాతో తినిపించేది. జుట్టు దువ్వేది. ఇసోకో కళ్లకింద నల్లచారలు రోజురోజుకీ పెరుగుతున్నాయి. "కళ్లు మూస్తే ఆ ముసలావిడే," అనేది. "గదిలోనే ఉండిపోయినట్టు. నేను తలుపు ఆలస్యంగా తీసినట్టు. మొగుడికోసం దీపం పెట్టుకున్న మనిషిని నేను చంపినట్టు." ఆ మాట విన్నప్పుడల్లా కినుయో చెంచా ఆగేది. రేపు చెబుతా అనుకునేది. చెంచా మళ్లీ కదిలేది. ఎనిమిదేళ్లు వాయిదా వేసిన మనిషికి ఒక్కరోజు వాయిదా వేయడం ఏపాటి?

ఈలోపు చిగుసా గారు ఇసోకోని పిలిచి, చాలా మర్యాదగానే చెప్పారు. "అగ్నిమాపక శాఖ వాళ్ల నివేదిక వచ్చేదాకా ఆగుదామండీ ఇసోకో గారూ. తర్వాత నెలాఖరుకి మీరు విశ్రాంతి తీసుకుంటే మంచిది." యాభై ఆరేళ్ల మనిషికి, కాలిన చేతులకి, ఆ ఊళ్లో ఇంకో హోటల్ పని ఇవ్వదు. ఇసోకో "చిత్తం" అని వచ్చేసింది.

పదహారో రోజున అధికారి సెగవా గారు ఆఖరి తనిఖీకి వచ్చారు. కాలిన గదిలో చిగుసా గారు, ఇసోకో నిలబడ్డారు. మిగిలిన రెక్క కొలత తీయడానికి కినుయోని పిలిపించారు. ఆయన కాలిన మూలని చిన్న సంచిలోంచి తీసి చూపించారు.

"చీటీ ఉంది. కర్టెన్ విషయంలో హోటల్ తప్పేమీ లేదు. గదిలో నిప్పు పెట్టడం, పక్కన మనిషి లేకుండా వదిలేయడం. పనిమనిషి అజాగ్రత్త. అలాగే రాసుకుంటాను. మీకేమైనా చెప్పాలని ఉందా?"

"ఏమీ లేదండి," అంది ఇసోకో. "తప్పు నాదే." పదిహేడు గుమ్మాల్లో అన్న మాట, గొంతు అరిగిపోయినట్టు వచ్చింది.

కినుయో జేబులోంచి కత్తెర తీసింది. మిగిలిన రెక్క కింది అంచు పట్టుకుని అరచేతి వెడల్పు ముక్క కత్తిరించింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ బట్టమీద కత్తెర పెట్టడం అదే మొదలు. చిగుసా గారు "కినుయో గారూ, ఏంటిది," అంటూ ఉండగానే ఆ ముక్కని టీపళ్లెంలో పెట్టింది.

"లైటర్ ఉందాండీ మీ దగ్గర?"

సెగవా గారు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా లైటర్ తీసి అంటించారు. బట్ట భగ్గుమంది. ఆయన పక్కనున్న నీళ్లు పోసి ఆర్పారు. గదిలో మళ్లీ అదే వాసన. ఇసోకో గోడకి ఆనుకుంది.

"నీళ్లలో ఉతికాను," అంది కినుయో. "ఏటా. చీటీ విప్పి, ఉతికి, మళ్లీ కుట్టాను. మందు కరిగిపోతుందని మీవాళ్లే శిక్షణలో చూపించారు, ఎనిమిదేళ్ల కిందట. నేను ముందువరసలో కూర్చున్నాను. మందున్న బట్టయితే ఆ కొవ్వొత్తికి మాడి ఆరిపోయేది. ఈమె చేతులు కాలేవి కావు. చిగుసా గారికి తెలీదు. ఇంకెవరికీ తెలీదు. నాకు తెలుసు."

సెగవా గారు తను రాసిన కాగితం మీద అడ్డగీత గీసి, కొత్త కాగితం తీశారు. మిగతా గదుల చీటీలన్నీ ఎవరు కుట్టారని అడిగారు. "నేనే," అంది కినుయో. చిగుసా గారు కుర్చీలో కూర్చుని, "నేను వచ్చిన ప్రతివాళ్లకీ గొప్పలు చెప్పుకున్నాను," అని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. కాసేపటికి తేరుకుని, ఇసోకోని నెలాఖరుకి వెళ్లాల్సిన పనిలేదన్నారు. కినుయోకేమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అరవై రెండు రెక్కలూ ఆ మధ్యాహ్నమే దించారు.

కినుయో నడవలోకి వచ్చింది. ఇసోకో అక్కడ ఆమెకోసమే ఆగి ఉంది. ఏడవడం లేదు. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది.

"ఎనిమిదేళ్లా?"

"ఎనిమిదేళ్లు."

"పోనీలే. ఉతికావు, కుట్టావు, అది నీకూ ఈ హోటల్‌కీ మధ్య. చేతులంటావా, కాలాయి, మానతాయి." కట్లకేసి చూసుకుంది. "పద్ధెనిమిదిసార్లు వంగాను. పదిహేడుసార్లు నువ్వు వెనకే ఉన్నావు, ఆఖరిసారి ఎదురుగా ఉన్నావు."

కినుయో తలవంచింది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చి, పదకొండు రోజుల కిందట వంతెన దగ్గర అదే మాట ఇసోకో తనని అడగడం గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయింది.

"నేను పదహారు రోజులనుంచి ఒక మనిషిని చంపబోయానని పడుకోలేదు," అంది ఇసోకో. "మొదటిరోజే ఒక్కమాట అనుంటే నిద్రపోయేదాన్ని, కినుయో గారూ."

ఇరవై ఏళ్లలో ఇసోకో ఆమెని అక్కా అని కాకుండా ఇంకోలా పిలవడం అదే మొదటిసారి. వంగి నమస్కరించి, ఒక్కతే ఇంటికి వెళ్లిపోయింది.